కాంటా ఎక్కిన వేటకుక్క

1997 జూన్‌లో మా కుక్కను కాంటా వేస్తే ముప్పై ఆరు కిలోలు తూగింది. అంతకు ముందు ఏడాది ఆగస్టులో అదే కాంటా మీద ఇరవై ఏడు. సూదిమందు ఎంత వేయాలో తేల్చడానికి పశువుల దవాఖానలో బరువు అడిగారని, వేరుశనగ బస్తాలు జోకే కాంటాకు గోనెసంచిని ఉయ్యాలలా కట్టి, అందులో దాన్ని కూర్చోబెట్టి జోకాను. కాబట్టి ఈ తొమ్మిది కిలోల సంగతి నా ఊహ కాదు.

అది మామూలు ఊరకుక్క కాదు. షాద్‌నగర్ అవతలి పల్లె నుంచి పిల్లగా తెచ్చుకున్న వేటజాతి. పొడవు కాళ్లు, లోపలికి పోయిన పొట్ట, సన్నని మూతి. శంషాబాద్ నుంచి మహేశ్వరం పోయే దారిలో మాకున్న రెండెకరాల చేనుకు అదే కాపలా. అడవి పందులు గట్టు దాకా వచ్చి, దాని గొంతు విని తిరిగిపోయేవి. ఆ ఆగస్టులో ఒక పంది మాత్రం తిరిగిపోకుండా దాని తొడ చీల్చింది. కుట్లు వేసిన డాక్టరు రెండు నెలలు పరుగెత్తించొద్దన్నాడు. మా ఆయన ఆ రెండు నెలలను పది నెలలు చేశాడు.

ఆయన గగన్‌పహాడ్ కార్ఖానాలో రిటైరై ఇంటికి వచ్చింది కూడా అప్పుడే. మొదట ఆయన మంచం మీద, కుక్క మంచం కింద. దసరా నాటికి కుక్క ఆయన కాళ్ల దగ్గరికి ఎక్కింది. ఎండాకాలం వచ్చేసరికి దిండు కుక్కది, కాళ్ల దగ్గర ఆయన. ఈలోపల పందులు సగం చేను తవ్వుకుని తిన్నాయి.

ఆ జూన్‌లో విత్తనం వేసిన రోజు ఆయన గట్టు మీద కూర్చుని చెప్పాడు.

"ఇగ ఇదే ఆఖరు. ఈసారి గూడ పందులు తింటే చేను ప్లాట్లోళ్లకిచ్చేస్త. రోడ్డు పక్కోళ్లు ఇచ్చిన్రు, సుఖంగున్నరు."

రోడ్డు పక్క చేనులో అప్పటికే సున్నం పూసిన హద్దురాళ్లు వరసగా పాతి ఉన్నాయి.

"నీ కుక్క మంచం దిగితే పందులెందుకొస్తయి?" అన్నాను.

"పాపం, దానికింకా కాలు నొస్తుంది."

"ఏ కాలయ్యా?"

కాసేపు ఆలోచించి కుడికాలు చూపించాడు. కుట్లు పడింది ఎడమకాలికి. కుక్క మాత్రం ఆయన మాట పోకుండా కుడికాలు నాక్కుంది.

పెళ్లయిన ఏడాది నుంచి ఆ చేనులో కలుపు తీసినదాన్ని నేను. దాంట్లో సున్నంరాళ్లు చూస్తూ మిగతా రోజులు గడపలేను. గింజ పట్టేది సెప్టెంబరులో. పందులు వచ్చేదీ అప్పుడే. ఆలోగా కుక్క మళ్లీ పరుగెత్తాలి. అంతకు మించి నేను కోరుకున్నది లేదు.

పొద్దున ఒక జొన్నరొట్టె, మజ్జిగ. సాయంత్రం మళ్లీ అదే. పొద్దున్నే హైవే దాకా నడక. నడిపించే పని ఆయనది, సోమవారం సోమవారం జోకే పని నాది. మొదటి సోమవారం ముప్పై ఆరు. రెండో సోమవారం ముప్పై ఆరున్నర. మూడో సోమవారం ముప్పై ఏడు. కాంటా చెడిందేమోనని ఐదు కిలోల తూకంరాయి వేలాడదీసి చూశాను. ఐదు కిలోలే చూపించింది.

నాలుగో సోమవారం నడకకు ముందోసారి, తర్వాత ఇంకోసారి జోకాను. ముందు ముప్పై ఏడు. తర్వాత ముప్పై ఏడు ముప్పావు. నడిచి వచ్చి ముప్పావు కిలో బరువెక్కిన జీవిని అంతవరకు నేను చూడలేదు.

"నువ్వు గూడ ఎక్కు," అన్నాను ఆయనతో.

"నేనేమన్న బస్తానా?" అని చెప్పులు వేసుకుని బయటికి పోయాడు.

గట్టు అవతలి చేను ఆమె నాకు చెల్లెలి వరస. రోజూ పొద్దున కూరగాయలు పట్టుకుని శంషాబాద్ బస్టాండుకు పోతుంది. సంగతి విని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అక్కా, నీకు తెల్వదా? బావ, కుక్క ఇద్దరు హైవే హోటల్ కాడ ఒక్క బల్ల మీదనే కూసుంటరు. బావ చాయ్ తాగుతడు, అది కీమా సమోసాలు తింటది. ఒట్టు, బావ కన్న అదే నీటుగ తింటది."

"ఎన్ని తింటది?"

"లెక్క నాకేం తెలుసక్కా? నువ్వు జోకినవ్ గదా."

ఆ రోజుతో నడక రద్దు చేశాను. ఆలోచించగా, తిండి మీద అంత పట్టున్న కుక్కను తిండితోనే పరుగెత్తించాలని తోచింది. వాగు పక్కన పందులు పొర్లే బురదగుంట ఉంది. పాత గోనెసంచిని ఆ బురదలో నానబెట్టి, తాడు కట్టి, మా ఆయన మోపెడ్‌కు వెనక తగిలించాను. ఆయన చేను చుట్టూ బండ్లబాటలో సంచిని ఈడ్చుకుంటూ పోవాలి. కుక్క ఆ వాసన పట్టుకుని వెంట పరుగెత్తాలి. సగం దూరంలో ఒక ఉడకబెట్టిన గుడ్డు, చివర ఇంకొకటి. రెండు గుడ్లూ డబ్బాలో పెట్టి ఆయన చేతికే ఇచ్చేదాన్ని.

మొదటి రోజు కుక్క సంచిని వాసన చూసి, రెండు చుట్లు తిరిగి, దాని మీదే పడుకుంది. ఆయన వెనక్కి చూడకుండా చేను చుట్టూ దాన్ని ఊరేగించుకొచ్చాడు.

"ఎట్లున్నది ఉరుకుడు?" అని గర్వంగా అడిగాడు.

"దిగమను, చెప్తది," అన్నాను.

రెండో రోజు బండి మీద ఆయన కాళ్ల సందునెక్కి నిలబడింది. మూడో రోజు దాన్ని నేను పట్టుకుని, బండి కొంచెం దూరం పోయాక వదిలాను. డబ్బా తనను విడిచి వెళ్లిపోతోందని అప్పుడు దానికి అర్థమైంది. పది నెలలు దాటాక మా కుక్క పరుగెత్తింది. పొట్ట అటూ ఇటూ ఊగుతుంటే, ముందు కాళ్లొక ఊరికీ వెనక కాళ్లొక ఊరికీ పోతున్నట్టు పరుగెత్తింది. అయినా పరుగే.

జులై చివరికి ముప్పై మూడు. ఆగస్టు చివరికి ముప్పై. పొట్ట లోపలికి పోయింది. గొంతు కూడా వచ్చింది. బండి మొదలైతే చాలు, మొరిగి మొరిగి ఊరు లేపేది.

సెప్టెంబరులో ఒకసారి పరీక్షిద్దామని, బండి లేకుండా సంచిని నేనే ఈడ్చుకుంటూ బయలుదేరాను. కుక్క కదల్లేదు. "ఉస్కో! ఉస్కో!" అని అరిచాను. అది నన్ను చూసి జాలిగా తోక ఊపింది. గట్టు అవతలి నుంచి చెల్లెలు అడగనే అడిగింది.

"అక్కా, జర బుర్రుబుర్రుమని సప్పుడు జెయ్యరాదు!"

చేశాను. ఈ మాట ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. నోటితో మోపెడ్ చప్పుడు చేస్తూ సంచి ఈడ్చాను. కుక్క లేచి వచ్చి, నా చేతుల్లో డబ్బా లేదని చూసుకుని తిరిగి వెళ్లి పడుకుంది.

"అయితేంది? బండి సప్పుడుకు ఉరుకుతుంది గదా," అన్నాడు ఆయన.

"పందులు బండెక్కి రావయ్యా," అన్నాను.

అవి వచ్చింది ఆ వారంలోనే, పొద్దు వాలుతుండగా. పెద్దవి మూడు, పిల్లలు ఐదు. పడమటి గట్టు దిగి చేనులోకి వచ్చి, మా ఇంట్లో విందుకొచ్చినంత తీరిగ్గా మొక్కలు పీకడం మొదలుపెట్టాయి. నేను పళ్లెం వాయించాను. అరిచాను. కుక్క పందులను చూసింది, నన్ను చూసింది, ఆ తర్వాత చెట్టుకింద ఉన్న మోపెడ్‌ను చూసింది.

"బండి తియ్యయ్యా!"

"పందుల మీదికా? నాకు కాళ్లున్నయి గానీ కోరలు లేవు!"

"బండి తియ్యకపోతే రేపటి సంది రాళ్లు పాతుకో!"

ఏమనుకున్నాడో, పెడల్ తొక్కాడు. రెండుసార్లు ఉత్తిదే పోయింది. మూడోసారికి అంటుకుంది. ఆ చప్పుడుకు కుక్క బాణంలా లేచింది. వెనక సంచి ఇంకా కట్టే ఉంది. విప్పే తీరిక ఎవరికీ లేకపోయింది. ఆయన బండ్లబాట వదిలి సాళ్ల మధ్యకు తిప్పాడు. ముందు పందులు, వాటి వెనక "జరుగున్రి, జరుగున్రి!" అని పందులను బతిమాలుతూ మా ఆయన, ఆయన వెనక బురదసంచి, సంచి వెనక చెవులు చిల్లులు పడేలా మొరుగుతూ కుక్క, కుక్క వెనక పళ్లెంతో నేను.

చెల్లెలు గట్టెక్కి నిలబడి అరిచింది.

"అక్కా! ఎవరు ఎవర్ని ఎల్లగొడుతున్నరే?"

చేను చివర మలుపులో ఆయన బండితో సహా పడిపోయాడు. కుక్క సంచిని దాటేసింది, ఆయన్ని దాటేసింది. డబ్బా ఆయన దగ్గరే ఉందని మరచిపోయి పందుల వెంటే పోయింది. గట్టు దాకా తరిమి, గట్టెక్కి నిలబడి మొరిగింది. పాత మొరుగు. నాకు ఆ గొంతు తెలుసు. పందులు రోడ్డు పక్క ప్లాట్లలో పడి, పోతూ పోతూ నాలుగు సున్నంరాళ్లు పెకలించి పోయాయి.

ఆయన మోకాలికి అంటిన మట్టి దులుపుకుంటూ లేచాడు.

"చూసినవా నా కొడుకును!" అన్నాడు.

ఆ తర్వాత కాయ పీకే దాకా ప్రతి సాయంత్రం అదే ఊరేగింపు. పందులు మళ్లీ వచ్చింది రెండుసార్లు, రెండుసార్లూ గట్టు దాటలేదు. ప్లాట్లాయన వచ్చి పడిపోయిన రాళ్లు నిలబెట్టుకుంటూ మా చేను సంగతి ఎత్తాడు. మా ఆయన నా వంక చూడకుండానే చెప్పాడు.

"ఇయ్య. ఇస్తే బండి యాడ నడుపుత?"

పంట వచ్చిన రోజు బస్తాలన్నీ జోకడం అయ్యాక కుక్క తనంతట తానే వచ్చి గోనెసంచి ఉయ్యాలలో కూర్చుంది. ఇరవై ఎనిమిది. ఆ ఏటి బస్తాలకంటే ఆ అంకెకే నేను ఎక్కువ సంతోషపడ్డాను.

"నన్ను గూడ జోకు," అన్నాడు ఆయన, తానూ పరుగు పెట్టినవాడిలా.

జోకాను. జూన్‌లో కాంటా ఎక్కనన్నాడు గానీ, రిటైరైనప్పుడు కార్ఖానా దవాఖానలో రాసిచ్చిన బరువు నాకు గుర్తుంది. దానికి ఐదు కిలోలు ఎక్కువ. నేను కాంటా ముల్లును చూశాను, ఖాళీ గుడ్ల డబ్బాను చూశాను, కుక్కను చూశాను. కుక్క మా ఆయన్ని చూసింది.

"సగం దూరం గుడ్డు ఎవరు తిన్నరయ్యా?" అని అడిగాను.

"బండి నడిపేటోనికి బలముండొద్దా?" అన్నాడు ఆయన, ఉయ్యాలలో ఊగుతూ.