పెద్దమ్మ పాఠం

రాయపూర్‌లో నర్సుగా రిటైరైన మా పెద్దమ్మ, ఏ వస్తువు మొరాయించినా ముందు దానిమీద అరచెయ్యి ఆనించేది, జ్వరం చూసినట్టు.

ఒకసారి నర్సింగ్ విద్యార్థినులకు కాలిన గాయాల గురించి చెప్పమని ఆమెను పిలిస్తే, తోడుగా వెళ్లాను. రోగుల అనుమతితో ఏళ్లతరబడి తను తీసిన ఫొటోలు హార్డ్ డిస్కులో ఉన్నాయి. సమయానికి అక్కడి కంప్యూటర్ పాడైంది. పెద్దమ్మ టాబ్లెట్, నాలుగైదు వైర్లు కలిపే చిన్న హబ్ ద్వారా ప్రొజెక్టర్‌కు కుదిరింది గానీ, దానికే తగిలించిన డిస్కులోని ఫొటోలు రాలేదు.

"రహనే దీజియే సిస్టర్, వదిలేయండి, నోటితోనే చెప్పేయండి" అన్నారు మమ్మల్ని పిలిచిన కాలేజీ మేడమ్.

"చూడకుండా ఎలా నేర్చుకుంటారమ్మా?" అంటూ పెద్దమ్మ డిస్కుమీద చెయ్యి ఆనించింది. "తిరగట్లేదే! టాబ్లెట్ ఇచ్చే కరెంటు చాలట్లేదు."

డిస్కుకూ కరెంటు అందేలా ఆ హబ్‌కు చార్జర్ పెట్టి, డిస్కును మళ్లీ తగిలించింది. తెరమీద మొదటి ఫొటో వెలిగింది. హాలంతా చప్పట్లు.

"బస్, బస్, చాలు. ఇంకా పాఠం మొదలే పెట్టలేదు" అంది.

"మా పెద్దమ్మ" అని పక్కావిడకు చెప్పాను, ఆవిడ అడగకపోయినా.