ఇస్త్రీ అక్క ఎండకెక్కిన సంగతి

ఒక పెద్ద హోటల్ సెల్లార్‌లో దుప్పట్లు ఇస్త్రీ చేసే ఆమెను అందరూ ఇస్త్రీ అక్క అనే పిలిచేవారు. తెల్లవారకముందే పనిలోకి దిగేది, చీకటి పడ్డాక పైకి వచ్చేది. సెల్లార్‌కు కిటికీలు లేవు. ఇంట్లో ఉన్న ఒక్క కిటికీకీ పక్కింటి గోడ అడ్డం. సెలవు దొరికితే తలుపు దగ్గరగా వేసుకుని పడుకునేది.

ఆ అలసట ఎప్పుడు మొదలైందో ఆమెకే గుర్తులేదు. ముందు నడుం లాగింది, తర్వాత తొడలు బరువెక్కాయి. కింద కూర్చుంటే గోడ పట్టుకుని గాని లేవలేకపోయేది. అత్తగారు చూసి చూసి, ఈ కాలం ఆడవాళ్లకు ఒళ్లు వంగదని సణిగేది. మొగుడు కల్పించుకునేవాడు కాదు. పోనుపోను ఆమెకూ అదే నిజమనిపించింది. తనకు బద్ధకం పట్టుకుంది కాబోలు.

ఒక సాయంత్రం బస్సు మెట్టు మీదికి కాలు లేవలేదు. వెనకవాళ్లు తోసుకుంటున్నారు. తండ్రి వయసున్న కండక్టర్ చెయ్యందించి పైకి లాగాడు. సీట్లో కూలబడి, దిగేదాకా తలెత్తలేదు. మర్నాడు పని మానేసి ఆస్పత్రికి వెళ్లింది.

డాక్టరమ్మ మోకాలి కింది ఎముకను బొటనవేలితో నొక్కింది. ప్రాణం పోయినంత పనైంది.

"ఎండలో నిలబడి ఎన్నాళ్లయిందమ్మా?"

వేళాకోళం చేస్తోందనుకుంది. రక్తపరీక్షలో విటమిన్ డి బాగా తక్కువని తేలింది. అది లేకపోతే తిన్న కాల్షియం ఒంటికి పట్టదనీ, ఎముకలు మెత్తబడి కండలు నీరసిస్తాయనీ డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. వారానికో మాత్ర రాసి, రోజూ కాసేపు ఎండ తగలనిమ్మంది.

"ఇది జబ్బమ్మా, బద్ధకం కాదు. ఇంట్లోవాళ్లకీ చెప్పు."

చెప్పింది. అత్తగారు తన మోకాళ్లు నిమురుకుంది.

"నేనూ ఇలాగే గోడలు పట్టుకుని లేచేదాన్నే. మా అత్త నన్నూ సోమరిపోతనేది. అప్పుడెవరైనా ఈ ముక్క చెప్పుంటే..." అని మిగతాది మింగేసింది.

కోడలికి కోపం తెచ్చుకునే ఓపిక కూడా లేదు. మాత్ర వేసుకుని పడుకుంది.

మధ్యాహ్నం అన్నం హోటల్ డాబా మీద ఎండలో తింటానని అడిగితే సూపర్‌వైజర్ ముందు ముఖం చిట్లించాడు. నాలుగుసార్లు చెవినిల్లు కట్టుకుని పోరాక, సరే పొమ్మన్నాడు. తోటివాళ్లను రమ్మంటే నల్లబడిపోతామని నవ్వారు. మడతలు పెట్టే ఆవిడ ఒక్కతే వెంట వచ్చింది. ఇద్దరూ జాకెట్టు చేతులు పైకి మడుచుకుని, ఎండలో కూర్చుని తినేవారు.

గుణం కనబడటానికి నెలలు పట్టింది. ఈలోగా అత్తగారినీ ఆస్పత్రికి తీసుకెళ్లింది. ఆమెకూ అదే లోపం. మాత్రలతో ఒళ్లు కాస్త తేలికపడింది గాని, అరిగిన మోకాళ్లు అరిగినట్టే ఉండిపోయాయి.

ఒకరోజు పని నుంచి వచ్చి నడుం వాల్చింది. గుమ్మంలో అత్తగారు పక్కింటి కోడలితో మాట్లాడుతోంది. ఆ పిల్లకీ కాళ్లు లాగుతున్నాయట.

"ఊరికే ఓర్చుకోకమ్మా. వెళ్లి రక్తపరీక్ష చేయించుకో," అంటోంది అత్తగారు.

లేచి తనూ ఓ మాట చెబుదామనుకుంది. అనుకుంటూనే నిద్రపోయింది.