ఇల్లు విడిచి ఇల్లు

మొన్న ఎన్నికల గురించి ఏవో ప్రశ్నలడగడానికి ఒకమ్మాయి వట్లూరులోని మా ఇంటికి వచ్చి, వెళ్తూ వెళ్తూ పక్కింటిని వదిలేసి ఆ తర్వాతింటి గేటు తీస్తుంటే, ఎందుకలా అని అడిగాను. పద్ధతండీ, ఇల్లు విడిచి ఇల్లు, అంది. ఆ పద్ధతి చేతిలో ఒకప్పుడు చావుదెబ్బ తిన్నవాణ్ణి కనుక నాకు నవ్వాగలేదు.

పంతొమ్మిది వందల ముప్ఫైల నాటి మాట. ఏలూరులో రాజనీతి పాఠాలు చెప్పే మా చిన్నమామయ్య, మనిషిని ఓటుకు కదిలించేదేమిటో పుస్తకాలు తిరగేస్తే తెలియదు, పరీక్ష పెట్టి తేల్చుకోవాలి అనేవాడు. కొల్లేటి ఒడ్డున ఒక ఊళ్ళో నాకు బడిపంతులు పని ఇప్పించిందీ ఆయనే కావడంతో, జిల్లా బోర్డు ఎన్నికలు రాగానే ఆ పరీక్ష నా నెత్తిన పడింది. ఓటున్న ఇళ్ళలో ఒక ఇంటికి వెళ్ళి ఫలానా రోజున తప్పక ఓటు వేయమని చెప్పాలి, దాని పక్కింట్లో నోరు మెదపకూడదు. చివరికి ఎవరెవరు వేశారో చూస్తే, చెప్పడంలో బలమెంతో తేలుతుంది. నేను అక్షరాలా అలాగే చేశాను. తీరా ఆ రోజున, చెప్పినవాళ్ళూ చెప్పనివాళ్ళూ ఒకే పడవెక్కి వెళ్ళి ఓటేసి వచ్చారు.

ఫలితం చూడటానికి ఏలూరు నుంచి వచ్చిన మామయ్య, మొహమాటానికి నేను అందరికీ చెప్పేసి ఉంటానని తేల్చేశాడు. ఎంత చెప్పినా నమ్మలేదు. ఉద్యోగం పోతుందన్న భయం కన్నా, ఆయన కళ్ళకు అబద్ధాలకోరులా కనబడటమే నన్ను ఎక్కువ బాధపెట్టింది. నేనుంటున్న ఇంటి మామ్మగారు ఆ పూట ఇద్దరికీ వడ్డిస్తూ, నేను అన్నం కెలుకుతూ కూర్చోవడం చూసి సంగతేమిటని అడిగారు. విని తెల్లబోయారు.

“పొద్దున్నే నిప్పుకొచ్చిన పక్కింటావిడకి ఆ మాట చెప్పకుండా ఎలా పంపుతామండీ?”

నిజమే, ఆ ఊళ్ళో అగ్గిపుల్ల గీసే ఇళ్ళు తక్కువ. తెల్లారితే పక్కింటి పొయ్యిలోంచి పిడక మీద నిప్పు తెచ్చుకోవడమే అలవాటు. మామయ్య విస్తట్లో చెయ్యి ఆపి నా వంక చూశాడు.

“తప్పు నాదేరా. ఊరు విడిచి ఊరు చెప్పించాల్సింది.”

నాకు ప్రాణం లేచొచ్చింది. మామ్మగారిని మారు అడిగి మరీ తిన్నాను.

ఆ అమ్మాయి వెళ్ళాక చాలాసేపు వాకిట్లోనే కూర్చున్నాను. గ్యాసు పొయ్యిలొచ్చాక నిప్పుకొచ్చేదెవరు? పక్కింటాయన పేరే నాకింకా తెలియదు. మామయ్య పరీక్ష ఇప్పుడు మా వీధిలో పెడితే ఏ పొరపాటూ లేకుండా నెగ్గుతుంది. ఆయనుంటే సంతోషించేవాడేమో గాని, నాకు మాత్రం దిగులుగా ఉంది.