గుమ్మానికి కట్టిన తియ్య మిరప

మా ఊళ్ళో కోడళ్ళను పేరు పెట్టి పిలవరు. పుట్టింటి ఊరి పేరుతో పిలుస్తారు. అందుకే మా నాన్నమ్మకు ఓక్‌బున్ అనే ముచ్చటైన పేరొకటి ఉందని నాకు బడిలో వేసేదాకా తెలియదు. ఊరందరికీ ఆమె పమ్‌గోలమ్మ. పక్కింటావిడ సాంజు నుంచి వచ్చింది కాబట్టి సాంజమ్మ.

సాంజు ఇప్పటికీ ఉంది. పమ్‌గోల్ లేదు. ఆనకట్ట కట్టాక ఆ ఊరి చూరుల మీద చేపలు తిరుగుతున్నాయి. అక్కడినుంచి మిగిలి మా ఇంటికి చేరినవి రెండే: మా నాన్నమ్మ, ఆమె పెళ్ళినాడు లోపలి రవికలో దాచుకొచ్చిన మిరప గింజలు. ఈ రెంటిలో కారం లేనిది గింజలే అని మా తాత అనేవాడు, ఆమె వాగు అవతల ఉన్నప్పుడు.

ఆ మిరపను ఊరంతా చప్ప మిరప అనేది. నాన్నమ్మ ఒప్పుకునేది కాదు.

"చప్ప కాదు, తియ్యది. చప్పగా ఉండేది మీ నాలుకలు."

జానెడు పొడవు, దళసరి తోలు, కొరికితే పుచ్చకాయ పగిలినట్టు చప్పుడు. మా తాత కడుపు పాడైపోయినవాడు. కొంచెం కారం తగిలినా వెక్కిళ్ళు పట్టుకునేవి. అయినా మధ్యాహ్నం పూట మిరపకాయ లేనిదే ముద్ద దిగదు. నీళ్ళు పోసుకున్న అన్నం, పులవబెట్టిన సోయా ముద్దలో అద్దుకున్న పచ్చి తియ్య మిరపకాయలు నాలుగు. వేసవి మొత్తం ఆయన భోజనం అదే.

ప్రతి ఏడూ మే నెల మొదట్లో నాన్నమ్మ నన్ను తోడు తీసుకుని మొక్కల సంతకు వెళ్ళేది. మిగతా ఆడవాళ్ళు పక్కవాళ్ళు ఏం కొంటున్నారో చూసి కొనేవారు. నాన్నమ్మ ఇంటి దగ్గరే వేళ్ళు మడిచి తేల్చుకుని వెళ్ళేది.

"తోట వేసేముందు నేల చూస్తారే వీళ్ళు! ఇంట్లో నోళ్ళు చూడాలి. మీ నాన్నకి పులుసులో నషాళానికంటాలి. మీ అమ్మకి ఎండు నెత్తళ్ళతో వేయించుకోడానికి ముడతల మిరప కావాలి. కిమ్చీ కారానికి ఎర్రగా పండే లావు రకం. మీ తాతకి మనదే ఉంది."

"మరి నాకు?"

"నీకు మిరపకాయ ఎందుకే? నీ నోరే చాలు."

పొడుగ్గా సాగిన నారు ఆమెకు పనికిరాదు. కణుపులు దగ్గరగా ఉండాలి, కాండం చిటికెన వేలంత ఉండాలి, మొదటి మొగ్గ కనిపించాలి కాని విచ్చుకోకూడదు. తట్టలో ఉన్న యాభై మొక్కల్లోంచి పది ఏరేసరికి నారు అమ్మేవాడికి చెమటలు పట్టేవి.

ఇంటికొచ్చాక నాటడానికీ ఒక పద్ధతి. కారం రకాలన్నీ వాగు అవతలి చేలో. తియ్య మిరప పన్నెండు మొక్కలు మాత్రం పెరట్లో, సోయా ముద్ద ఊరే జాడీల తిన్నె పక్కన. రెండూ పక్కపక్కన పూస్తే గింజ చెడుతుందని ఆమెకు వాళ్ళమ్మ చెప్పిందట.

"తేనెటీగలు బద్ధకం పురుగులు. ఇంత దగ్గర పూలు పెట్టుకుని వాగు దాటవు," అనేది.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు తేలిందేమిటంటే, నేనూ వాగు దాటని బద్ధకం పురుగునే.

ఆ ఏడు నారు అమ్మేవాడు నాన్నమ్మ పోరు పడలేక ఒక మొక్క కొసరు వేశాడు. కొత్త రకం, కాయ జానెడుంటుంది కాని, తింటే చెవుల్లోంచి పొగ వస్తుందని చెప్పాడు. దాన్ని వాగు అవతల నాటి రమ్మని నాన్నమ్మ నా చేతికిచ్చింది. వాగు నీళ్ళు ఇంకా చల్లగా ఉన్నాయి. పైగా మా తాతకు వెక్కిళ్ళు వస్తే మీసం ఒకవైపే ఎగిరేది. అది చూసి చాలా రోజులైంది. ఆ మొక్కను పట్టుకెళ్ళి పన్నెండు తియ్య మొక్కల నడుమ పదమూడోదిగా పెట్టేశాను.

జూలైలో మీసం ఎగిరింది. మూడు గిన్నెల నీళ్ళు తాగినా ఆగలేదు. నేను జాడీల వెనక్కి వెళ్ళి కడుపు పట్టుకుని నవ్వాను. నాన్నమ్మ మాత్రం నవ్వలేదు. ఒక్కో మొక్క నుంచి ఒక్కో కాయ కొరుక్కుంటూ పోయి, కారం తగిలిన మొక్కను పట్టుకుని వేళ్ళతో సహా పీకేసింది. తర్వాత తిన్నె మీద కూర్చుని కళ్ళు నులుముకుంది.

"నాటేటప్పుడు లెక్క తప్పి, కారం మొక్కొకటి నేనే కలిపేసుంటాను. కళ్ళు పోతున్నాయి," అంది.

చెప్పేయొచ్చు. చెప్పలేదు. మొక్క పీకేశాక ఇంక చెప్పడానికేముందని అనుకున్నాను. అప్పటికి పూత మొదలై నెల దాటిందని, బద్ధకం పురుగులు ఆ పక్క పువ్వు నుంచి ఈ పక్క పువ్వుకు నెల రోజులుగా తిరుగుతున్నాయని నాకేం తెలుసు?

ఆ శరదృతువులో నాన్నమ్మ ఎప్పటిలాగే మంచి కాయలు ఏరి గింజ దాచింది. నిరుటి గింజ కోళ్ళకు వేసేసింది. పాత గింజ దాచడం ఆమె దృష్టిలో ఎంగిలి అన్నం దాచడం లాంటిది. ఫిబ్రవరిలో గింజలు నానబెట్టి, తడిగుడ్డలో మూటకట్టి, పొయ్యి వేడి నేల కిందుగా పాకే గదిలో, పొయ్యి వైపున నేల మీద పెట్టింది. మే నెలలో పన్నెండు మొక్కలు జాడీల పక్కన నిలబడ్డాయి. అన్నీ ఒక్క తల్లి పిల్లల్లా ఉన్నాయి.

జూలైలో తాత మీసం మళ్ళీ ఎగిరింది. ఈసారి కొసరు మొక్క లేదు. నాన్నమ్మ పన్నెండు మొక్కలూ కొరికి చూసింది. అయిదు కారం. ఏడు తియ్యనివే కాని, ఆ అయిదింటి పక్కన పూసినవి. వాటి గింజ ఎలా నమ్మడం?

సాంజమ్మ గోడ మీంచి తొంగి చూసింది. "ఏం పమ్‌గోలమ్మా, నీ చప్ప మిరపకి రోషం వచ్చిందట?"

మామూలుగా అయితే నాన్నమ్మ ఆ మాటకు గోడ కూలేలా జవాబిచ్చేది. ఆ రోజు "అవును వదినా, పోయింది," అని లోపలికి వెళ్ళిపోయింది. ఆ నెమ్మది గొంతు విని సాంజమ్మే భయపడి, సాయంత్రం గుమ్మడికాయ అట్లు పోసి పంపింది. నాన్నమ్మ ముట్టుకోలేదు. నేనూ తినలేకపోయాను. మా ఇంట్లో అట్లు మిగలడం అదే మొదలు.

తాత ఓదార్చబోయాడు. "పోనీలే, ఇంక దోసకాయలు తింటాను."

"మీరు దోసకాయలు తింటారు. నేను మా అమ్మకేం చెప్పను? ఊరు ఎలాగూ నీళ్ళపాలైంది. గింజ నా చేతిలో పోయింది."

మర్నాడు ఆమె నన్ను అటక దగ్గరికి పిలిచింది. పైనుంచి మూతి మూసిన సొరబుర్ర ఒకటి దించింది.

ఆ బుర్ర కథ మా ఊళ్ళో అందరికీ తెలుసు. బిడ్డ పుడితే గుమ్మానికి ఎడమవాటుగా పేనిన గడ్డితాడు కడతారు. మగపిల్లాడైతే దానికి ఎర్ర మిరపకాయలు, బొగ్గులు. ఆడపిల్లయితే దేవదారు రెమ్మలు, బొగ్గులు. ఆ తాడున్న ఇరవై ఒక్క రోజులూ బయటివాళ్ళు గడప తొక్కరు. నేను అక్టోబరులో పుట్టాను. మంత్రసాని ఇంకా ఏమీ చెప్పకముందే నాన్నమ్మ పరుగెత్తుకెళ్ళి, అప్పుడే కోసిన తియ్య మిరపకాయలు అయిదు తాడుకు కట్టేసింది. లోపలికొచ్చి చూస్తే నేను. తాడు విప్పమని తాత అన్నాడు. ఆమె విప్పలేదు. ఇరవై ఒక్క రోజులు ఊరు ఊరంతా నన్ను మగపిల్లాడనే అనుకుంది. ఇరవై రెండో రోజు సాంజమ్మ మగపిల్లాడి చొక్కా కుట్టి పట్టుకొచ్చి, గుడ్డ విప్పి చూసి, "పమ్‌గోలమ్మ మిరపకాయలు నోట్లోనే కాదు, తాడు మీద కూడా చప్పనే," అందట. నాన్నమ్మ ఆ చొక్కానే నాకు తొడిగింది.

"ఆడపిల్లకి మిరపకాయ కట్టకూడదని ఏ రాజు చాటింపు వేశాడు?" అని అడిగిందట.

తాడు కాల్చేశారు. కాయలు, బొగ్గులు మాత్రం ఆమె బుర్రలో పెట్టి దాచింది, నా పెళ్ళినాడు ఇవ్వడానికి.

"దల్లే," అని నా పేరు పెట్టి పిలిచింది నాన్నమ్మ. నాతో అంత మర్యాదగా ఆమె ఎప్పుడూ మాట్లాడలేదు. "ఇవి నీవి. నీ అదృష్టం కోసం కట్టినవి. పదేళ్ళ గింజ, మొలుస్తుందో లేదో తెలీదు. నువ్వు సరేనంటేనే విప్పుతాను. వద్దంటే మళ్ళీ అటక మీద పెట్టేస్తాను."

నన్ను కొట్టినా అంత బాధ ఉండేది కాదు. ఆమె కళ్ళు పోలేదని, కొసరు మొక్క నేనే పెట్టానని, తాత మీసం కోసమే పెట్టానని ఒక్క ఊపిరిలో చెప్పేశాను. చివర్లో ఏడుపు, చీమిడి కలిసి ఏం చెప్పానో నాకే అర్థం కాలేదు.

నాన్నమ్మ బుర్రను కింద పెట్టింది.

"నా కళ్ళు బాగానే ఉన్నాయన్నమాట," అంది. అని నా చెవి పట్టుకుని, అది ఎర్ర మిరపకాయ రంగుకు వచ్చేదాకా మెలేసింది. "ఏడాది! ఏడాది పాటు నేను సూదిలో దారం ఎక్కించడానికి కూడా భయపడ్డానే, దొంగముండా!"

తర్వాత నన్ను కూర్చోబెట్టి, కాయలు నాచేతే చీల్పించింది. అవి నల్లబడి, కాగితంలా పెళపెళలాడాయి. బొగ్గులు తేమ పీల్చేసుకున్నట్టున్నాయి, బూజు లేదు. గింజలన్నీ తీశాక ఆమె అంది:

"ఇప్పుడు ఆ వేళ్ళతో కళ్ళు తుడుచుకో."

శిక్ష అదేననుకుని పళ్ళు బిగించి తుడుచుకున్నాను. మండలేదు.

"చూశావా? ఇదీ మా అమ్మ గింజ."

మూడువందల పైచిలుకు గింజలు. మరుసటి ఫిబ్రవరిలో తడిగుడ్డ మూటను ఆమె నేల మీద కాదు, రాత్రిళ్ళు తన కడుపు మీద కట్టుకుని పడుకుంది. తాత పక్క మార్చుకున్నాడు. "ఈ వయసులో కడుపుతో ఉన్న ఆడదాని పక్కన పడుకోవడం నావల్ల కాదు," అన్నాడు. ఇరవై మూడో రోజుకు నాలుగు మొలిచాయి. నాలుగే.

ఆ నాలుగూ జాడీల పక్కన పెరిగాయి. వాటికి నీళ్ళు మోసింది నేనే. వాగు అవతలి పనులూ నావే. ఒక్క వేసవిలో నా కాళ్ళకు వాగులో ప్రతి రాయీ పరిచయమైంది. జూలైలో మొదటి కాయ కోసి సోయా ముద్దతో తాత ముందు పెట్టాం. నాన్నమ్మ, నేను, గోడ మీంచి సాంజమ్మ, ఆయన నోటి వైపే చూస్తున్నాం. ఆయన కొరికాడు. నమిలాడు. ఉన్నట్టుండి మీసం ఎగిరింది.

"హిక్!"

నాన్నమ్మ నేల మీద కూలబడింది. తాత మిగతా సగం నోట్లో వేసుకుని, "ఊరికే. తియ్యగా ఉంది," అన్నాడు. ఆ మధ్యాహ్నం ఆయన నాన్నమ్మ చెంబు దెబ్బ తప్పించుకోడానికి వాగు దాటి పరుగెత్తడం ఊరంతా చూసింది.

ఇదంతా జరిగి చాలా ఏళ్ళయింది. నాకు పట్నంలో ఆడపిల్ల పుట్టినప్పుడు తాత లేడు. నాన్నమ్మ నడుం వంగిపోయి, మూడు బస్సులు మారి వచ్చింది. మా అపార్ట్‌మెంటు తలుపుకు తాడు కట్టింది. దానికి బొగ్గులు, అయిదు ఎర్ర మిరపకాయలు.

"అబ్బాయా? శుభం!" అన్నాడు మెట్ల దగ్గర కాపలాదారు.

నాన్నమ్మ నా వైపు చూసింది. నేను ఆమె వైపు చూశాను. ఇరవై ఒక్క రోజుల పాటు ఇద్దరం నోరు విప్పలేదు.