ఓబుళేశు రెండుసార్లు కొన్న బోటు

ఓబుళేశుకు ఈత రాదు. ఆత్మకూరుకు అవతల డ్యాం నీళ్ల ఒడ్డున ఉన్న ఊళ్లోనే పుట్టినా, పదిహేడో ఏట బోరు బండి ఎక్కి మెట్ట పల్లెలకు వెళ్లిపోయాడు. పత్తికొండ, వేంపల్లె, వాటి చుట్టుపక్కల ఊళ్లు. నీళ్లు లేవని జనం ఏడ్చే చోటల్లా ఇరవై ఆరేళ్లు భూమికి చిల్లులు పొడిచాడు. చాలాసార్లు పైకి లేచింది తెల్లటి రాతిపిండే. అది అతని ఊపిరితిత్తుల్లో చేరింది. కర్నూలులో డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును వెలుతురుకు పట్టి చూసి, దుమ్ము లేచే చోట ఇక పని చేయవద్దన్నాడు.

అలా నలభై మూడేళ్లకు ఇల్లు చేరాడు. రెండెకరాల మిరప చేను, భార్య కృష్ణవేణమ్మ, నంద్యాలలో డిగ్రీ చదివే కూతురు యామిని. బోరు బండి అతనికి మిగిల్చిన ఆస్తి ఒకటే, చెవి. ఇంజను చప్పుడు వింటే చాలు, రోగం ఎక్కడుందో చెప్పేవాడు. ఊళ్లో ట్రాక్టరు మొరాయిస్తే మెకానిక్కు కంటే ముందు అతన్నే పిలిచేవారు. అతను కళ్లు మూసుకుని తల ఒక పక్కకు వాల్చి వినేవాడు. చెప్పింది తప్పేది కాదు. ఆ చెవి మీద అతనికి దేవుడి మీదకన్నా ఎక్కువ గురి.

వేసవి దగ్గరపడి ఊరి పక్క డ్యాంలో నీళ్లు తగ్గితే, ఏడాదిలో ఎక్కువ నెలలు మునిగి ఉండే పాత శివాలయం ఒకటి అక్కడ బయటపడుతుంది. చుట్టూ ఇంకా నీళ్లు ఉంటాయి కనుక జనం బోట్లలో వెళ్లి దర్శనం చేసుకుని వస్తారు. ఆదివారాల్లో ఒడ్డున కార్లు బారులు తీరతాయి. ఉన్న రెండు బోట్లూ ఊపిరి ఆడకుండా తిరుగుతాయి. మూడో బోటు తనదైతే బాగుండునని ఓబుళేశుకు అనిపించింది. అందులో తప్పేమీ లేదు. దుమ్ము లేని పని కదా.

జనవరిలో ఫోనులో ఒక వీడియో వచ్చింది. పన్నెండు మంది పట్టే ఫైబర్ బోటు, వెనక పెద్ద ఇంజను, మెరిసిపోయే నీలం రంగు. అలాంటిది ఎక్కడ అడిగినా చెప్పే ధరలో మూడో వంతుకే ఇస్తామన్నారు. ఓబుళేశు మర్నాడే బస్సెక్కాడు.

కర్నూలు బయట ఒక రేకుల షెడ్డులో, ట్రాలీ మీద ఉంది బోటు. అమ్మే మనిషి పేరు ప్రదీప్‌కుమార్ అని చెప్పాడు. ఓబుళేశు వెళ్లేసరికే ఇంజను వేడిగా ఉంది, తిప్పేటప్పుడు దాన్ని చల్లబరిచే నీళ్ల డ్రమ్ము కింద పెట్టి ఉంది.

"నువ్వు వస్తాండావని తెలిసి ఇప్పుడే ఒగసారి తిప్పి చూసినాలే అన్నా" అన్నాడు ప్రదీప్‌కుమార్.

తాడు లాగగానే ఇంజను అందుకుంది. ఓబుళేశు కళ్లు మూసుకుని విన్నాడు. ఎక్కడా అరుగుదల లేదు, దగ్గు లేదు. ఇంత మంచి ఇంజను చప్పుడు విని చాలా ఏళ్లయింది.

"నీళ్లల్లో వేసి చూపిస్తావా?"

"ఈడ నీళ్లు యాడుండాయన్నా? కావాలంటే నీ ఊర్లో వేసుకుని చూసుకో."

"మరి ఇంజను మీద నంబరేదప్పా?"

"రంగేసేటప్పుడు గీకినారు. కాగితాలన్నీ ఉండాయి. వారంలో కొరియరు చేస్తా."

నంబరు ఉండాల్సిన చోట ఇనుము అద్దంలా నున్నగా ఉంది. ఓబుళేశు సీటు కింద పెట్టె మూత ఎత్తి చూశాడు. లోపల మూత అంచు దాకా ఎండిన ఎర్ర బురద చార ఒకటి, గీత గీసినట్టు చుట్టూ ఉంది. వానకు తడిసి ఉంటుందిలే అనుకున్నాడు. వాన నీళ్లు మూసిన పెట్టెలోకి ఎలా వస్తాయని అతని మనసు అడిగింది. మూత వేసేశాడు.

"ఇంకో ఇద్దరు సాయంత్రం వస్తామన్నారు. నీ ఇష్టం అన్నా" అన్నాడు ప్రదీప్‌కుమార్, గడియారం చూసుకుంటూ.

ఓబుళేశు చేయి కలిపాడు.

బోటు ఊరు చేరిన రోజు కృష్ణవేణమ్మ నిమ్మకాయలు కట్టి, కొబ్బరికాయ కొట్టింది. యామిని మాత్రం బోటు చుట్టూ తిరిగి, "నంబరు లేని బైకు కొంటావా నాయనా?" అని అడిగింది.

"కాగితాలు వస్తాయిలేమ్మా. వచ్చినాంక పర్మిషనుకు పెడతా."

కాగితాలు రాలేదు. రెండో వారం నుంచి ఆ ఫోను మోగడం కూడా మానేసింది.

ఒడ్డున మారెన్న అనే ముసలాయన ఉంటాడు. నలభై ఏళ్లుగా పుట్టిలో తిరిగి చేపలు పట్టే మనిషి. పుట్టి అంటే వెదురుతో బుట్టలా అల్లి, అడుగున నీళ్లు చొరకుండా పూత వేసిన గుండ్రటి పడవ. ఓబుళేశు అతన్ని పిలిచి గర్వంగా ఇంజను తిప్పి వినిపించాడు. మారెన్న దాని వైపు చూడలేదు. బోటు అంచు పట్టుకుని, ముందు నుంచి వెనక్కి వేళ్ల కణుపులతో కొట్టుకుంటూ నడిచాడు. టక్, టక్, టక్. ఇంజను బిగించిన వెనక పలక దగ్గరికి వచ్చేసరికి చప్పుడు మారింది. తడిసిన గోనెసంచి మీద కొట్టినట్టు వినిపించింది.

"ఓబుళేశూ, ఈడ ప్రాణం లేదప్పా."

"ఏంది, ఫైబరుకు ప్రాణమేంది?"

మారెన్న వంగి, ఇంజను కింది బోల్టు ఒకటి నాలుగు చుట్లు వదులు చేశాడు. ఆ రంధ్రంలోంచి గోధుమరంగు నీళ్లు సన్నగా కారాయి. నెల రోజులుగా నీటి ముఖం చూడని బోటు అది. నీళ్ల వెంట కుళ్లిన కట్టె వాసన వచ్చింది.

"పైన ఫైబరు, లోపల చెక్క. ఆ చెక్క నీళ్లు తాగి తాగి పుచ్చిపోయినాది. ఇది యాడనో మునిగి లేచిన బోటప్పా. జనాన్ని ఎక్కించగాకు."

"ఇంజను ఇన్నావు కదా?"

"ఇంజను శానా బాగుండాది. అది పట్టుకోనుండే చెయ్యే బాగలేదు."

ఓబుళేశుకు కోపం వచ్చింది. పుట్టి తొక్కే మనిషికి మోటారు బోటు సంగతి ఏం తెలుసనుకున్నాడు. ఆత్మకూరు నుంచి బీటలు పూడ్చే లప్పం డబ్బా తెచ్చి బోల్టు చుట్టూ మెత్తాడు, పైన నీలం రంగు పూశాడు. ఒక్కడే రెండుసార్లు గుడి దాకా వెళ్లి వచ్చాడు. ఏమీ కాలేదు. బోటు ఎడమవైపు కొంచెం వాలి నడుస్తోందని గమనించాడు కానీ, కుడివైపు రెండు రాళ్లు పెడితే సరిపోయింది. మూడో రోజు చూస్తే కొత్తగా పూసిన రంగు కింద వెంట్రుకంత బీట కనిపించింది. దాని మీద ఇంకోసారి పూశాడు. ఆ వారమంతా అతను ఇంట్లో ఎవరితోనూ సరిగా మాట్లాడలేదని కృష్ణవేణమ్మ తర్వాత చెప్పింది.

మార్చి మొదటి ఆదివారం ఉదయం పత్తికొండ నుంచి ఒక కుటుంబం వచ్చింది. కేశవయ్య అక్కడ కిరాణా కొట్టు యజమాని. ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మకు అరవై దాటాయి. కొడుకులు, కోడళ్లు, చుట్టాలు కలిపి ఎనిమిది మంది. మిగతా రెండు బోట్ల దగ్గర జనం ఎక్కువ ఉండటంతో ఓబుళేశు బోటు దగ్గరికి వచ్చారు.

మారెన్న వచ్చి తాడు పట్టుకున్నాడు.

"పోవద్దంటే నువ్వు ఇనవు. జాకెట్లన్నా అందరికీ కట్టు. కట్టేదాక నేను తాడు ఇడవను."

బోటుతో వచ్చిన లైఫ్ జాకెట్లు ఎనిమిదే. ఎనిమిది మందికీ కట్టించాడు. ఓబుళేశుకు మిగల్లేదు. మారెన్న తాడు వదిలి, తన పుట్టిని నీళ్లలోకి తోసుకుని, పిలవకపోయినా వెంట బయలుదేరాడు. అది చూసి ఓబుళేశు ఇంజను వేగం పెంచాడు.

గుడి గోపురం చేతికి అందేంత దగ్గరగా కనిపిస్తోంది. గాలి లేదు. ఇంజను చప్పుడు మొదటి రోజులాగే శుభ్రంగా ఉంది. ఓబుళేశు అదే వింటున్నాడు. అందుకే దాని కింద నుంచి వచ్చిన రెండో చప్పుడు అతనికి ఆలస్యంగా తెలిసింది. పచ్చి కట్టెను మోకాలికేసి మెల్లగా విరుస్తున్నట్టు ఉందది. వెనక్కి తిరిగి చూసేసరికి ఇంజను వెనక్కి వాలుతోంది. పలక దాన్ని పట్టుకోలేక, బోల్టులతో సహా చీలిపోయింది. ఇంజను తీగల మీద ఒక్క క్షణం వేలాడి, నీళ్లలోకి జారిపోయింది.

ఆ పలక ఉన్న చోట నుంచి నీళ్లు గుమ్మంలోంచి వచ్చినట్టు లోపలికి వచ్చాయి. అందరూ ఒక్కసారిగా లేచి ముందుకు తోసుకున్నారు.

"కదలగాకండి! యాడోళ్లు ఆడ్నే కూర్చోండి!" దూరం నుంచి మారెన్న అరుస్తున్నాడు. ఎవరూ వినలేదు. బోటు ఎడమ పక్కకు ఒరిగి, అందర్నీ ఒంపేసింది.

ఓబుళేశు కళ్ల ముందు అంతా పచ్చగా అయింది. కాళ్ల కింద ఏమీ లేదు. నోట్లోకి నీళ్లు. పైకి వచ్చాడు, మళ్లీ మునిగాడు. రెండోసారి పైకి వచ్చినప్పుడు ఎవరో అతని చొక్కా కాలరు పట్టుకున్నారు. జాకెట్టుతో తేలుతున్న రాజ్యలక్ష్మమ్మ. ఆమె పళ్లు గిట్టకరిచి పట్టుకుంది.

"గుంజుకోగాకు నాయనా. నన్నూ ముంచుతావు. ఊరికే పట్టుకో."

మారెన్న పుట్టి చేరేదాకా ఆమె వదల్లేదు. వెనకే రెండు బోట్లూ, చేపల వాళ్ల పుట్లూ వచ్చాయి. తొమ్మిది మందినీ ఒడ్డుకు చేర్చారు. కేశవయ్య మాత్రం నీళ్లు బాగా మింగి, కర్నూలు ఆసుపత్రిలో పన్నెండు రోజులు ఉన్నాడు.

ఒడ్డున ఇసుకలో కూర్చుని, తడి కొంగు పిండుకుంటూ రాజ్యలక్ష్మమ్మ ఓబుళేశును అడిగింది. "ఇది ఇట్లయితాదని నీకి ముందే తెలుసునా?"

చుట్టూ జనం ఉన్నారు. మారెన్నా ఉన్నాడు.

"తెలుసమ్మా" అన్నాడు ఓబుళేశు. "మారెన్న చెప్పినాడు. నేనే ఇన్లేదు."

పోలీసులతోనూ అదే మాట చెప్పాడు. అబద్ధం చెప్పమని సలహా ఇచ్చినవాళ్లు ఉన్నారు. అతను వినలేదు. బోటును ఒడ్డుకు లాగి, వలలు వేసి ఇంజను పైకి తీశారు. గీకేసిన నంబరును ఏదో మందు పూసి చదవగలిగారట. ఎస్సై అతన్ని పిలిపించి చెప్పాడు. రెండేళ్ల కిందట ఎక్కడో దూరాన ఒక జలాశయంలో ఆ బోటు మునిగింది. ఐదుగురు చనిపోయారు. పగలగొట్టి పారేయాలని ఆదేశం ఉన్న బోటును ఎవరో బురద కడిగి, రంగు పూసి, చేతులు మార్చారు. ప్రదీప్‌కుమార్ అనే మనిషి ఆ పేరుతో ఎక్కడా లేడు.

స్టేషను మెట్లు దిగుతుంటే ఓబుళేశుకు సీటు కింద పెట్టెలో బురద గీత గుర్తుకొచ్చింది.

అనుమతి లేకుండా జనాన్ని ఎక్కించినందుకు కేసు నడిచింది. జరిమానా పడింది. మిరప చేనులో ఒక ఎకరా పోయింది. ఏడాది తర్వాత, పోలీసు స్టేషను ఆవరణలో ఎండకు పడి ఉన్న పాత బండ్లను వేలం వేస్తున్నారని తెలిసి వెళ్లాడు. వాటి మధ్యలో ఆ నీలం బోటు కూడా ఉంది. పగలగొట్టాల్సిన దాన్ని ఎవరో తుక్కు జాబితాలో రాసేశారు. తెల్ల ప్యాంటు మనిషి ఒకడు దాని చుట్టూ తిరుగుతున్నాడు.

"వెనక ఒగ పలక కొట్టించి రంగేస్తే మళ్లా కొత్తదే" అన్నాడు పక్క మనిషితో.

ఓబుళేశు దగ్గరికి వెళ్లాడు. "ఇది కొనద్దప్పా. ఇందులో ఐదు మంది పోయినారు. తొమ్మిది మందిమి పోవాల్సినోళ్లం."

ఆ మనిషి నవ్వాడు. "ధర తగ్గించనీకి మంచి కత చెప్తాండావే."

ఓబుళేశు వేలంలో నిలబడి చేయి ఎత్తాడు. ఆ మనిషి పెంచిన ప్రతిసారీ పెంచాడు. చివరికి బోటు అతనికే దక్కింది.

ట్రాక్టరు మీద దాన్ని చూసి కృష్ణవేణమ్మ గుమ్మంలోనే కూలబడింది. "ఒగసారి ముంచింది చాల్లేదా నీకి? పిచ్చి పట్టిందా?"

అతను రంపం, కటింగు మిషను బయటికి తెచ్చాడు. ముక్కుకు తడిగుడ్డ కట్టుకున్నాడు, డాక్టరు మాట ఆ ఒక్క రోజుకు పక్కన పెట్టి. యామిని వైరు పట్టుకుంది. మారెన్న ఒక కొసన కూర్చుని అదిమి పట్టాడు. వెనక పలక కోస్తే లోపల చెక్క నల్లగా, చేత్తో పిసికితే నలిగిపోయేలా ఉంది. మధ్యాహ్నానికి అడుగు భాగం మూరెడు మూరెడు ముక్కలైంది.

కృష్ణవేణమ్మ కోపం అప్పటికి కొంత తగ్గింది. "ఆ ముందు భాగం గట్టిగానే ఉండాది కదా. బర్రెలకి నీళ్లు పోసే తొట్టి చేసుకుందాం" అంది.

ఓబుళేశు దాని వైపు చూశాడు. మిషను మళ్లీ ఆన్ చేసి, దాన్ని కూడా నిలువునా కోశాడు.