ఎడమ తలుపుకు జంగు

అవ్ బిడ్డా, ఉప్పే. వంటింట్ల ఉండే దొడ్డుప్పు. నీ బొమ్మ లారీకి పాత బండి లెక్క జంగు, అదే తుప్పు, కనపడాలంటే దుకాణంల అమ్మే సీసాలు అక్కర్లేదు. ముందుగాల ఎర్రమట్టి, ఇటుక పొడి తుమ్మబంకల కలిపి పుయ్యి. ఆరినంక నీళ్లు చిలకరించి, అక్కడక్కడ ఉప్పు చల్లి, దాని మీద రంగు కొట్టు. ఎండినంక ఏలుతో రుద్దు. ఉప్పు రాలుతది, ఆ కాడ రంగు లేసిపోయి కింద ఎరుపు బయటపడుతది. అంతటా ఒక్క తీరుగ పెట్టకు. వాన నీళ్లు ఆగే కాడ, బోల్టు కింద, బురద కొట్టే కాడ ఎక్కువ పెట్టాలె. నీకెట్ల తెలుసు అమ్మమ్మా అని అడిగినవు గదా. నేను జంగు పెట్టింది ఒక్క బండికే. అది మా అన్న కాలిపోయిన లారీ.

అప్పుడు మేము కారేపల్లిల ఉంటుంటిమి. మీ తాత, మా అన్న ఒక్క లారీకి ఇద్దరు డ్రైవర్లు. దుమ్ముగూడెం అడివి నుంచి వెదురు లోడు తెచ్చేటోళ్లు. మీ తాతకు చెయ్యి ఊకుండకపోయేది. కూరల ఉప్పు ఎక్కువైనా కొట్టేది, తక్కువైనా కొట్టేది. ఆ రోజు పొద్దున నా పెదవి పగిలి ఉండె. లోడుకు పోదామని అన్న వచ్చిండు, నా మొఖం చూసిండు. మీ తాతను తన్ని కింద పడేసి, జాకీ రాడ్డు గొంతు మీద పెట్టిండు.

"బావా, ఇంకోపాలి నా చెల్లె మీద చెయ్యి లేస్తే నిన్ను అడివిలనే పూడుస్తా."

మీ తాత నెత్తురు ఉమ్మి, "ముందు నువ్వు తాగకుండ బండెక్కు, తర్వాత పూడుద్దువు గాని" అన్నడు.

గట్ల కొట్టుకొని, ఇద్దరూ ఒక్క బండ్లనే పోయిన్రు.

తిరిగి మీ తాత ఒక్కడే వచ్చిండు. అడివిలోళ్లు, నక్సలైట్లు, దారికి చెట్టు అడ్డమేసి లారీ ఆపిన్రంట. దిగమంటే ఈయన కుడి దిక్కు దిగిండు. అన్న ఇప్పసారా తాగి ఎడమ సీట్ల ఒళ్లు తెలవకుండ పండుకొని ఉండె. లోపల మనిషి ఉన్నడని చెప్పేలోపలనే కిరసనాయిలు పోసి అగ్గిపెట్టిన్రంట.

"ఎడమ డోరు కాడికి ఉరికిన అత్తా. గుంజిన. మడతబందులు జంగు పట్టి బిగుసుకపోయినయి. రాలే" అని మా అమ్మ కాళ్ల మీద పడి చెప్పిండు. అరచేతుల తోలు ఊడి వేలాడుతుండె. ఆ చేతులతోనే ఠాణాకు తీసుకపోయిన్రు. అడివిలోళ్లకు అన్నం పెట్టినవా అని అరికాళ్ల మీద కొట్టిన్రు. పాకుకుంట ఇంటికొచ్చిండు. అరచేతులకు నూనె రాసిన, అరికాళ్లకు కాపడం పెట్టిన. ఆయన చెప్పింది నమ్మిన బిడ్డా.

కాలిన లారీ వానలకు నాని, రోడ్డు పక్కన ఎర్రగ నిలబడి ఉండేది. బస్సుల ఆ దారిన పోతే మా అమ్మ కిటికీల నుంచి దండం పెట్టేది. తర్వాత ఎవరో పాత ఇనుముకు కోసుకపోయిన్రు. ఏడాది మాసికం దగ్గరికొచ్చింది. మీ తాత అప్పటికి స్టీరింగు ఇడిసిపెట్టి రేకు పనికి పోతుండె. అన్న ఫొటో ముందర పెట్టనీకి నూనె డబ్బా కోసి, అడుగుకు అంగుళం లెక్కన మూరెడు లారీ చేసిండు. చెప్పు రబ్బరు టైర్లు, తెరుసుకునే తలుపులు, పచ్చగ మెరిసే రంగు. మా అమ్మ దాన్ని నేలకేసి కొట్టింది.

"నా కొడుకు పెండ్లి బండ్ల పోయిండా? కాలిన బండ్ల పోయిండు. అది చెయ్యి అల్లుడా. ఎట్లుండెనో గట్లనే చెయ్యి."

నేలకు తగిలి పడ్డ సొట్టలను ఆయన తియ్యలే. అవి పనికొచ్చినయి. క్యాబిను పొయ్యి మీద పెట్టి కాల్చిండు. జంగు పని నాకిచ్చిండు. చింతపులుసుల ఉప్పు కలిపి, రేకు గీరిన కాడ రాసి ఎండల పెడితే నిజం జంగే పట్టింది. మడ్‌గార్డులకు, లోడు ఏసే డాలాకు, బోల్టు బోల్టుకు పెట్టిన. ఆఖరికి ఎడమ డోరు బందుల కాడికొచ్చిన. బిగుసుకపోయినయని చెప్పిండు గదా, దండిగ పట్టాలె అని చుక్క చుక్క పోస్తున్న.

మీ తాత చూసిండు. నా చేతుల గిన్నెను తన్నిండు, జుట్టు పట్టి తల గోడకు కొట్టిండు. పులుసు కండ్లల్ల పడి మంటలు. ఆయన కిరసనాయిలు గుడ్డతో ఆ బందులను తుడుసుడే తుడుసుడు.

"వాటికి పెట్టకు! వాటికి జంగు లేకుండె. ఆ వారమే కొత్తయి ఏసినం!"

అన్నంక ఆయనే ఆగిపోయిండు. గుడ్డ చేతులనే ఉంది.

"మరి ఎందుకు రాలే?" అన్న నేను.

గుడ్డ పడేసి బయటికి పోయిండు. మళ్ల కొట్టలే.

మాసికం నాడు ఆకుల అన్నం, కోడికూర పెట్టి, పక్కన లారీ పెట్టినం. మా అమ్మ ఒంగి చూసింది. "అవ్, గిట్లనే ఉండె" అన్నది. బోల్టు కింద కారిన జంగును ముట్టుకుంది. ఏలు ఎడమ తలుపుకు తగిలింది. తలుపు సప్పుడు లేకుండ తెరుసుకుంది. మూసింది. మళ్ల తెరిసింది. అల్లుని దిక్కు చూసింది.

మూలకు రోకలి ఉండె. మొదటి దెబ్బకే భుజం ఎముక ఇరిగిన సప్పుడు ఇనపడ్డది. "జంగు అంటివి గదరా! జంగు అంటివి గదా!" అనుకుంట కొడుతనే ఉంది. ఆయన చెయ్యి అడ్డం పెట్టలే. చుట్టాలు గుంజి పట్టుకునేదాక ఆమె ఇడవలే. తొక్కిసలాటల లారీ రేకు రేకైపోయింది.

ఆ తర్వాత మీ తాత నా మీద చెయ్యెత్తలే. భుజం లేవకనో, ఇంకెందుకో. అరచేతులు మాత్రం నిజంగనే కాలినయి బిడ్డా. నూనె రాసింది నేనే గదా. ఆయన దవాఖానల ఆఖరుకొచ్చిన రోజు, మచ్చలు పడ్డ ఆ చెయ్యి పట్టుకొని మళ్ల అడిగిన. కండ్లు తెరిసి నన్ను చూసిండు, మూసుకున్నడు.

నేనడిగింది ఒక్కటే: ఆ తలుపు తెరవనీకి పట్టుకుంటివా, తెరుసుకోకుండ పట్టుకుంటివా?