హొగేనక్కల్ పుట్టిలో రెండో తనిఖీ

హొగేనక్కల్‌కు అందరూ కావేరి జలపాతం చూడడానికి వెళ్తారు. నన్ను మా అమ్మ పంపింది, మా చిన్నాన్న కూతురు కల్పన దగ్గర పాఠం చెప్పించుకురమ్మని. నాకంటే రెండేళ్ళు చిన్నది. ఇద్దరం ఒకే కాలేజీలో విమానాల మరమ్మతు చదివాం. ఇప్పుడామెకు లైసెన్సు ఉంది. అంటే బాగుచేసిన విమానాన్ని చూసి, ఇది ఎగరవచ్చని సంతకం పెట్టే హక్కు. నాకు ఇంకా ఒక పేపరు మిగిలిపోయింది. అది ఇంజన్లదో రెక్కలదో అయినా పరువు దక్కేది. మనుషులు పనిలో ఎందుకు తప్పులు చేస్తారు అనే పేపరది. నూటికి డెబ్బై అయిదు రావాలి, రెండుసార్లు తప్పాను. ఈసారి కూడా పోతే చదువు కట్టిపెట్టి కడత్తూరు సంతలో మా మామ పసుపు మండీలో కూర్చోమని నాన్న చెప్పేశాడు. పరీక్ష వచ్చే వారం. మాది తమిళనాడు, కల్పనకు తెలుగు మాటే గానీ లిపి రాదు, అందుకే ఇంత ధైర్యంగా రాస్తున్నాను. నాకు అక్షరాలు నేర్పింది కుప్పం వైపు నుంచి వచ్చిన మా అమ్మ. ఆ ఒక్క విద్యలోనైనా నేను ముందున్నాను.

కడత్తూరులో ఆరున్నరకు బస్సెక్కితే ధర్మపురి చేరేసరికి ఏడున్నర దాటింది. బస్టాండులో ఇడ్లీ తిని హొగేనక్కల్ బస్సు పట్టుకున్నాను. దారి పెన్నాగరం మీదుగా, రెండు గంటల లోపే, టికెట్టు యాభైకి మించదు. కిటికీ పక్క సీటు దొరికితే వదలకండి, పెన్నాగరం దాటాక అడవి, ఘాటు రోడ్డు మలుపులు బాగుంటాయి. పెన్నాగరంలో కల్పన, మా నాయనమ్మ ఎక్కారు. అవ్వకు నా సీటిచ్చి నేను నిలబడ్డాను. వాళ్ళది దగ్గర్లోని పిక్కిలి, అవ్వకు జలపాతం చూపిస్తూ దారిలో నాకు పాఠం చెబుతానంది కల్పన. కండక్టరు కల్పనను చూడగానే, "పిక్కిలి ఏరోప్లేన్ పిల్లవి నువ్వే కదామ్మా?" అని అరవంలో పలకరించి, లేచి తన సీటు ఇచ్చాడు. తర్వాత నావైపు తిరిగి, "తంబీ, కొంచెం తళ్ళి నిల్లు" అన్నాడు. పక్కకు జరిగాను. కడుపు మండిపోయింది.

అది చాలదన్నట్టు అవ్వ మొదలుపెట్టింది. "మన కల్పన సంతకం పెట్టకుంటే ఇమానం లెయ్యదంటరా! నువ్వెప్పుడు పెడతావురా సంతకం?"

"పెడతాలే అవ్వా."

"పోయిన పొంగలప్పుడూ ఇదే చెప్పినావు."

గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. కల్పన నవ్వలేదు, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. నవ్వి ఉంటే ఒక మాట అనేసి తేలికపడేవాణ్ణి. ఆ అవకాశం కూడా ఇవ్వలేదు మహాతల్లి.

హొగేనక్కల్‌లో దిగగానే నూనె మర్దన చేసేవాళ్ళు, చేపలు వేయించేవాళ్ళు చుట్టుముడతారు. మేం ముందు పరిసల్ తీసుకున్నాం. పరిసల్ అంటే మన పుట్టి, గుండ్రటి బుట్ట పడవ. కౌంటరులో మేం వెళ్ళిన రోజు నలుగురి దాకా కలిపి పదిహేను వందలు కట్టించుకున్నారు. కల్పన నా చేయి పట్టుకుని ఆపి తనే కట్టింది. జీతం వచ్చే మనిషి కదా! లైఫ్ జాకెట్ లేకుండా ఎక్కనివ్వరు. ఆమె అవ్వకు తొడిగి, ఎదుట బకిల్ నొక్కి, నావైపు తిరిగింది.

"అన్నా, నువ్వొకసారి చూడు."

"లైసెన్సు నీది. నేనెందుకు చూడాల?"

"చూడన్నా. ఒకరు బిగిస్తే ఇంకొకరు చూడాల. నీ పేపర్లోదే గదా."

అందరి ముందూ పేపరు మాట ఎత్తేసరికి ఒళ్ళు మండింది. సరే, చూడమంటే చూస్తాను అనుకున్నాను. తప్పు ఎక్కడైనా దొరుకుతుందేమోనని పట్టీలన్నీ ఒక్కొక్కటిగా లాగాను. పక్క పట్టీలు గట్టిగానే ఉన్నాయి. ఎదుటి బకిల్ పట్టుకుని గుంజాను. టప్పున ఊడి చేతికొచ్చింది. అవ్వ చీర కొంగు మడత లోపల ఇరుక్కుపోయి, ఒక కొన పట్టనే లేదు. పైకి మాత్రం శుభ్రంగా మూసుకున్నట్టే కనబడింది.

అబ్బ, ఆ క్షణం నాకు కలిగిన సంతోషం! అవ్వ నీళ్ళలో పడి ఉంటే ఏమయ్యేదన్న భయం తర్వాత వచ్చింది. ముందు వచ్చింది సంతోషమే. "చూడండి, లైసెన్సు ఇంజనీరమ్మ బిగించిన బకిల్!" అని రేవంతా వినబడేలా అరిచాను.

"మీరిద్దరూ ఎంతసేపైనా కొట్లాడుకోండి, నన్ను మాత్రం యేట్లో ఎయ్యద్దండి" అంది అవ్వ.

పుట్టి నడిపే ఆయన తెడ్డు పట్టుకుని, "పోలామా?" అని తొందరపెట్టాడు. కల్పన ముఖం పాలిపోయింది. కొంగు తీసి, మళ్ళీ బిగించి, అవ్వను మళ్ళీ నా ముందే నిలబెట్టింది. ఈసారి గుంజినా రాలేదు. ఆ తర్వాత నా జాకెట్టు కూడా నేను అడక్కుండానే లాగి చూసి, "బాగుంది" అంది. దానికీ నాకు కోపమే వచ్చింది.

రెండు వైపులా నల్లటి రాళ్ళ గోడలు, మధ్యలో పచ్చటి నీళ్ళు, మీద పడే తుంపర. ఆ గంటసేపు చూసినదంతా రాయాలంటే ఇంకో పుట చాలదు. నేను మాత్రం సగం మనసుతోనే చూశాను. ఒడ్డుకు వచ్చాక చేపలు కొని, వేయించి పెట్టే ఒక అక్కకు ఇచ్చాం. మా మాట విని, "మీరు తెలుగోళ్ళా? మాది పెన్నాగరం పక్కనే. కారం ఎక్కువ ఏసేదా?" అంది. అవ్వ ఆమెతో కబుర్లలో పడింది. అప్పుడు అడిగాను కల్పనను.

"ఆమాత్రం బకిల్ చూడనీకి నేనే కావల్సొచ్చిందా? పుట్టి నడిపే ఆయన ఉండె గదా."

"ఆయన రోజుకు వందమందిని చూస్తాడు. మా అమ్మే వచ్చింటే, కల్పన బిగిచ్చింది, బాగనే ఉంటాదనేది. మన ఇంట్లో ఎవురూ నేను చేసింది తిరిగి చూడరన్నా. నాకు బయమైతాంది. నువ్వొకడివే నేను తప్పు చేసింటానని నమ్మి చూస్తావు."

"అంటే నీకు తెలుసా?"

"నీ కడుపుమంట నాకు తెల్దా? నేను పాసైన దినం స్వీటు నోట్లో పెట్టుకోని బయటికి పోయి ఊసినావు. చూసినాను."

తలవంచి చేపలో ముళ్ళు ఏరడం మొదలుపెట్టాను.

తిరుగు ప్రయాణంలో, పెన్నాగరం దాకా, ఆమె ప్రశ్నలు అడుగుతూనే ఉంది, నేను చెబుతూనే ఉన్నాను. పని చేసినవాడి పేరు చూసి రెండోవాడు సంతకం పెట్టకూడదు, పని చూసి పెట్టాలి. నీతులని కొట్టిపారేసి నేను రెండుసార్లు దాటేసిన అధ్యాయం అదే. ఇక నా అసూయ పోయిందా అంటే, లేదు. పెన్నాగరంలో వాళ్ళు దిగేటప్పుడు కండక్టరు మళ్ళీ ఆమెకే నమస్కారం పెట్టాడు, నాకు మళ్ళీ మండింది. వచ్చే వారం గట్టెక్కినా ఆమె నాకంటే ముందే ఉంటుంది. కాకపోతే ఇంతకాలం ఆ మంట నాకు తప్ప ఎవరికీ పనికిరాదనుకున్నాను. ఆ రోజు అవ్వకు పనికొచ్చింది.

మీరు వెళ్ళేముందు నీటి ఉద్ధృతి ఎంతుందో కనుక్కోండి, ఎక్కువైతే పుట్లు ఆపేస్తారు. ఇంకోటి, పుట్టి ఎక్కేముందు మీ జాకెట్టు బకిల్ పక్కవాళ్ళకు చూపించండి. మీరంటే ప్రాణం పెట్టేవాళ్ళకు వద్దు, వాళ్ళు చూడకుండానే బాగుందంటారు. మీరంటే కుళ్ళుకునేవాడు ఒకడుంటే వెంట తీసుకెళ్ళండి, వాడు గుంజి చూస్తాడు.